ముడుల దారం

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతి గదిలో గజ్జెల చప్పుడు వస్తోందని ఆడపిల్లలు కేకలేస్తూ బయటికి పరిగెత్తుకొచ్చారు. నేను బెంచీ మీద బెంచీ వేసుకుని ఎక్కి, వెంటిలేటర్‌లో వేలాడుతున్న రేకుముక్కను పీకి బల్ల మీద పడేశాను. "ఇదీ మీ దయ్యం. నోటుబుక్కులు తీయండి" అన్నాను. ఆ తర్వాత పిల్లలు నన్నే దయ్యం టీచరు అనేవారని చాలా ఏళ్లకు తెలిసింది.

అందుకే ఇది రాయడం నాకే ఇబ్బందిగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు తోచిన కారణాలు కూడా రాస్తాను. అవి సరిపోయాయో లేదో మీరే చూడండి.

మా వారు పోయాక కాకినాడ నుంచి కొండాపూర్‌లో మా అమ్మాయి సుధ దగ్గరికి వచ్చేశాను. సుధ, అల్లుడు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. మనవరాలు ఆద్యకు ఏడేళ్లు. బడి బస్సు రెండున్నరకు గేటు దగ్గర దింపుతుంది. నేను కిందికి దిగి తీసుకొస్తాను. అప్పటి నుంచి సాయంత్రం ఏడింటికి సుధ వచ్చేదాకా అది నా పూచీ. రోజు మొత్తంలో నాకు మిగిలిన ఉద్యోగం ఆ నాలుగున్నర గంటలే. దానికోసమే నేను ఉదయం నుంచి ఎదురుచూసేదాన్ని.

నా చెవుల్లోంచి మొదట పోయింది కుక్కర్ విజిల్. మూడు విజిల్స్‌కు స్టవ్ కట్టేయమని సుధ స్నానానికి వెళ్తే, నేను పక్కనే నిలబడి ఒక్కటీ రాలేదనుకున్నాను. పప్పు మాడి ఇల్లంతా పొగ. గ్యాస్కెట్ పోయిందని వాదించి కొత్తది కొనిపించాను. తర్వాత ఫోన్ మోత పోయింది. పిచ్చుకలు ఎటూ లేవు కాబట్టి వాటి సంగతి తెలియలేదు. వయసు మీద పడితే ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వనులే ముందు పోతాయని నేనే పదో తరగతికి ఎన్నోసార్లు చెప్పాను. చెప్పడం వేరు. మగవాళ్ల బొంగురు గొంతులు కాస్త తెలిసేవి గానీ, సన్నటి గొంతులు పోయాయి. అంటే ఇంట్లో అందరికంటే ముందు నాకు వినబడకుండా పోయింది ఆద్య గొంతు. దానికి మించిన బాధ ఇంకొకటి లేదు.

ఎవరికీ చెప్పలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఎదుటివాళ్ల మొహం మీద వెలుతురు పడుతుంది, పెదాలు చదువుకోవచ్చు. అందరూ నవ్వినప్పుడు నవ్వితే సరి. మరీ పట్టుబడిపోయేలా ఉంటే, "ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడతారేమిటే" అని ఎదురు దబాయించేదాన్ని. దబాయించడం నాకు కొత్తేమీ కాదు.

దాచడానికి కారణం ఉంది. ఒక ఆదివారం కాఫీ తాగుతూ సుధ ఎదురు ఫ్లాటు వాళ్ల గురించి చెప్పింది. "వాళ్ల బామ్మగారికి బొత్తిగా వినబడదటమ్మా. ఆవిడ మీద చంటివాణ్ని వదిలేసి ఇద్దరూ ఆఫీసుకి ఎలా వెళ్తారో! నేనైతే డేకేర్‌లో వేసేస్తాను." మాట పూర్తయ్యేదాకా దాని పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు. తర్వాత కాఫీ చల్లారిందని మళ్లీ వేడి చేసుకున్నాను.

నా గుట్టు పట్టుకున్నది పొద్దున్నే పనికి వచ్చే యాదమ్మ ఒక్కతే. నల్గొండ వైపు మనిషి. ఒకరోజు నా వెనకాల కావాలనే స్టీలు పళ్లెం నేలకేసి కొట్టిందట. నేను బీన్స్ తరుగుతూనే ఉన్నాను. ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందమ్మా, గింత చప్పుడైతె ఉలుక్కుంట లేవు? జర దవాఖానకు పో. బిడ్డకు చెప్పు."

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"నాకేంది ఫికర్? ఇంట్ల చిన్నపిల్ల ఉంటది, గందుకే అంటున్న" అని పళ్లెం కడుక్కుంది.

ఆ మాట గుచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి మియాపూర్ వెళ్లాను. కొండాపూర్‌లో అయితే ఎవరైనా చూస్తారని భయం. అక్కడ ఒక చెవుల క్లినిక్‌లో చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించారు. శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతల మిషన్ తిప్పుతున్న అమ్మాయి మోచెయ్యి కదలడం గమనించాను. మోచెయ్యి కదిలినప్పుడల్లా బటన్ నొక్కాను. ముప్పై రెండేళ్లు కాపీ చీటీలు పట్టుకున్న మనిషిని, ఎవరిని మోసం చేద్దామని కాపీ కొట్టానో నాకే తెలియదు. ఆ అమ్మాయి బయటికొచ్చి, "ఆంటీ, రెండుసార్లు సౌండ్ ఇవ్వకుండానే నొక్కారు. నా వైపు చూడకుండా మళ్లీ చేద్దామా?" అంది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని, వయసుతో వచ్చిందేనని, మిషన్ పెట్టుకోక తప్పదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. దాన్ని తెచ్చి పట్టుచీరల మడతల్లో పెట్టాను. ఇది జరిగిన వారానికే మొదటిసారి ఆ సంగతి జరిగింది.

మా హాలు గురించి చెప్పాలి. ఎదురుగా ఐటీ కంపెనీల అద్దాల భవనం ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఆ అద్దాలకు తగిలి తిరిగొచ్చి మా పైకప్పు మీద పడుతుంది. మేఘం అడ్డొస్తే ఆ వెలుగు కదులుతుంది. వినబడని మనిషికి ఆ వేళ చెరువు అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు ఉంటుంది. ఆద్య తిని, హోంవర్క్ ముందేసుకుని నేల మీద బోర్లా పడుకునేది. నేను దివాన్ మీద ఒరిగి దాన్ని చూస్తూ ఉండగానే కళ్లు మూతలు పడేవి. వద్దనుకున్నా పడేవి. ఆ నిశ్శబ్దం అలాంటిది.

ఆ రోజు అలా సగం నిద్రలో ఉండగా నా ఎడమ మణికట్టును ఎవరో లాగారు. గుంజడం కాదు. సన్నటి దారం కట్టి, అవతల కొస పట్టుకుని ఒక్కసారి కదిపినట్టు. కళ్లు తెరిచాను. ఆద్య హోంవర్క్ మీదే తల పెట్టుకుని నిద్రపోతోంది. చేతికి గాజులు తప్ప ఏమీ లేదు. ఎందుకో లేచి వెళ్లి వీధి తలుపు తీశాను. కొరియర్ అతను లిఫ్టు వైపు తిరిగి వెళ్లిపోతున్నాడు. "ఎన్నిసార్లు బెల్ కొట్టిన మేడం" అని విసుక్కుంటూ వెనక్కొచ్చాడు.

కాకతాళీయం అనుకున్నాను. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే కదలిక. తలుపు తీస్తే అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్. తర్వాతి వారం ఆద్య స్నేహితురాలు. ప్రతిసారీ ఎడమ మణికట్టే, ప్రతిసారీ వీధి తలుపు వైపే.

పాత అలవాటు కొద్దీ ఆద్య రఫ్ నోటుబుక్కు వెనక పట్టిక గీసి రాయడం మొదలుపెట్టాను. టైము, ఎటు లాగింది, తలుపు దగ్గర ఎవరు. పదకొండుసార్లు లాగితే పదిసార్లు మనిషి ఉన్నాడు. పదకొండోసారి గుమ్మం ముందు పార్సిల్ ఉంది. లిఫ్టు ఆగినప్పుడు నేల అదిరి దివాన్ ద్వారా తెలుస్తోందేమోనని నేల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి కూర్చున్నాను. లిఫ్టు వచ్చింది, పోయింది. నీళ్లు కదల్లేదు. యాదమ్మను మధ్యాహ్నం ఆపి, "నువ్వు బయట నిలబడి బెల్ కొడుతూ ఉండు" అన్నాను. మెలకువగా కూర్చుంటే నాకేమీ తెలియలేదు. యాదమ్మ లోపలికొచ్చి నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నాకు పరేషాన్ అయితుందమ్మా నిన్ను చూస్తే" అని వెళ్లిపోయింది.

చివరికి ఒక కారణం చెప్పుకున్నాను. చెవికి అందీ అందని శబ్దమేదో నిద్రలో మెదడుకు తెలుస్తోంది, మెదడు దాన్ని చేతి మీద తాకిడిగా మార్చి చెబుతోంది. ఇది సరైన కారణమేనని ఇప్పటికీ ఎవరైనా అంటే నేను కాదనను. కానీ తాకిడిగా మార్చడానికి మెదడు ఆ దారాన్నే ఎందుకు ఎంచుకుందో నాకు తెలుసు. ఆ దారం నేను ఎరుగుదును.

అది మా అత్తగారిది.

ఆవిడకు అరవై దాటేసరికి వినికిడి పోయింది. మధ్యాహ్నం మేమంతా బళ్లకు, ఆఫీసులకు వెళ్తే ఇంట్లో ఒక్కరే. ఎవరైనా వచ్చి తలుపు కొడితే తెలియదు. అందుకని ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. అప్పట్లో కిరాణా కొట్లో పప్పులూ పంచదారా కాగితం పొట్లాల్లో దారం చుట్టి ఇచ్చేవారు. ఆ దారాలను ఆవిడ పారెయ్యకుండా ఒకదానికొకటి ముడివేసి ఉండ చుట్టేవారు. ఆ దారం ఒక కొస వీధి తలుపు గొళ్లేనికి కట్టి, గోడ వారగా హాలంతా లాగి, రెండో కొస తన ఎడమ మణికట్టుకు కట్టుకుని పడుకునేవారు. తలుపు కొడితే గొళ్లెం కదిలేది, గొళ్లెం కదిలితే దారం కదిలేది. ఆవిడ లేచి వచ్చేవారు.

నాకు అదంతా నామోషీగా ఉండేది. "బెల్ కొడితే వెలిగే బల్బు పెడతానులెండి అత్తయ్యగారూ, ఈ దారాలన్నీ ఎందుకు" అనేదాన్ని. అరగంట పని. ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించగలిగే పని. ఇవాళా రేపూ అంటూ ఎప్పుడూ పెట్టలేదు. ఆ దారం గురించి చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. దాన్ని చివర్లో చెబుతాను, ఇక్కడే చెబితే మిగతాది రాయలేను.

అలా ఆ కదలికకు అలవాటు పడ్డాను. నిజం చెప్పాలంటే దాన్ని నమ్ముకున్నాను. మధ్యాహ్నాలు హాయిగా కళ్లు మూసుకునేదాన్ని. మిషన్ అక్కర్లేదు, సుధకు చెప్పక్కర్లేదు, ఆద్య నా దగ్గరే ఉంటుంది అనుకున్నాను. ఇంత చదువు చదివి నేను చేసిన తెలివితక్కువ పని అది.

ఆషాఢం గాలులు మొదలైన రోజులు. ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి ఒకటే హోరు. హోరు నాకు తెలియదు గానీ, కర్టెన్లు పైకప్పుదాకా లేస్తున్నాయి. ఎదురు భవనం అద్దాల్లో మబ్బులు పరిగెడుతున్నాయి. హాల్లో వెలుగు వస్తూ పోతూ ఉంది. ఆద్య బొమ్మలేసుకుంటోంది. నాకు కళ్లు మూతలు పడ్డాయి.

మణికట్టు కదిలింది. ఎప్పటిలా ఒక్కసారి కాదు, వరసగా మూడుసార్లు. లేచి అలవాటుగా వీధి తలుపు తీశాను. ఎవరూ లేరు. గుమ్మం ముందు ఏమీ లేదు. తలుపు వేస్తుండగా మళ్లీ లాగింది. ఇది ముఖ్యం, అందుకే రాస్తున్నాను. అప్పుడు నేను నిద్రలో లేను. రెండు కాళ్ల మీద నిలబడి, తలుపు పిడి పట్టుకుని ఉన్నాను. ఈసారి లాగింది వెనక్కి, వంటింటి వైపు. చెయ్యి భుజం దాకా వెనక్కి తిరిగింది. హాల్లో ఆద్య లేదని అప్పుడు చూశాను.

వంటింటి వెనక బట్టలుతికే చోటు ఉంది, వాష్ ఏరియా అంటారు. దాని తలుపు గాలికి మూసుకుపోయి ఉంది. ఆ తలుపు కింది గడియ వదులు, గట్టిగా పడితే దానంతటదే జారి నేల కన్నంలో దిగిపోతుంది. దిగిపోయి ఉంది. తలుపు పైభాగం అద్దంలోంచి నాకు కనబడింది ఆద్య పాదాలు. వాషింగ్ మిషన్ మీద నిలబడి ఉంది. ఆ చోటుకు నడుమెత్తు గ్రిల్, పైన పావురాలు రాకుండా వల. వల ఒక మూల చిరిగి ఉంది, బాగు చేయించాలని అల్లుడు ఎప్పటి నుంచో అంటున్నాడు. ఆ చిరుగులోంచి తలా భుజాలూ బయటికి పెట్టి కింద వాచ్‌మన్‌ను పిలుస్తోంది నా మనవరాలు. తొమ్మిదో అంతస్తు.

గడియ ఎలా ఎత్తానో గుర్తు లేదు. వెనక నుంచి నడుం పట్టి లాగేశాను. ఇద్దరం నేల మీద పడ్డాం. మిషన్ వెనక పావురం గుడ్లు పెట్టిందని చూడటానికి వెళ్లిందట. గాలికి తలుపు మూసుకుపోయిందట. ఎంతసేపు అరిచిందో, తలుపు ఎంతసేపు బాదిందో దాని అరచేతులు చూస్తే తెలిసింది. ఎర్రగా కంది ఉన్నాయి. నేను పది అడుగుల దూరంలో నిద్రపోతున్నాను.

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెక్కిళ్లు తగ్గాక నా మొహం తన వైపు తిప్పుకుని మాట్లాడింది. నాకు వినబడదని ఇంట్లో అందరికంటే ముందు దానికే తెలుసునని అప్పుడు గ్రహించాను. ఎప్పుడూ నా మొహం తన వైపు తిప్పుకునే మాట్లాడేది.

"ఎంత లాగానో తెలుసా అమ్మమ్మా? నువ్వు రాలేదు. అందుకే మిషన్ ఎక్కాను."

"ఏం లాగావమ్మా?"

"దారం. తలుపు కింద నుంచి వచ్చింది కదా. తెల్లగా ఉంది. నిండా ముడులే. ఒకచోట మాత్రం పేద్ద ముడి. వేలికి చుట్టుకుని లాగాను."

చూపుడువేలు చూపించింది. వేలి చుట్టూ రెండు వరసల్లో సన్నగా నొక్కుకుపోయిన గీతలు ఉన్నాయి.

ఆ తలుపు కింద బొద్దింకలు రాకుండా రబ్బరు పట్టీ బిగించి ఉంది. అగ్గిపుల్ల కూడా దూరదు, నేనే ప్రయత్నించి చూశాను. వాష్ ఏరియాలో బట్టలారేసే నీలం ప్లాస్టిక్ తాడు తప్ప ఏమీ లేదు. పావురాల వల ఆకుపచ్చ నైలాన్, దానికి ముడులున్నా చేతికి ఊడిరాదు. మర్నాడు యాదమ్మ చేత వాషింగ్ మిషన్ కూడా జరిపించాను. "ఈడ దారం గిట్ల ఏం లేదమ్మా" అంది. పొట్లాల దారం ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. సరుకులన్నీ ప్లాస్టిక్ ప్యాకెట్లలోనే వస్తాయి.

ఆ సాయంత్రం సుధ చెప్పులు విప్పకముందే పట్టుచీరల్లోంచి కాగితం తీసి దాని చేతిలో పెట్టాను. జరిగింది మొత్తం చెప్పాను. ఆద్యను డేకేర్‌లో వేసెయ్యమని కూడా నేనే అన్నాను. సుధ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత నా ఎదురుగా కుర్చీ లాక్కుని, దీపం వెలుతురు తన మొహం మీద పడేలా కూర్చుంది.

"ఎందుకమ్మా దాచావు? నేను నిన్ను పంపించేస్తాననుకున్నావా?"

అవునన్నాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దారం సంగతి ఆద్యకు నువ్వేమైనా చెప్పావా అని అడిగితే, "మామ్మ దారం సంగతే నేను మర్చిపోయానమ్మా" అంది. ఆవిడ పోయేనాటికి సుధ ఇంకా కాలేజీ పిల్ల.

మర్నాడే సెలవు పెట్టి నన్ను మియాపూర్ తీసుకెళ్లింది. నెల తిరిగేసరికి చెవులకు మిషన్లు వచ్చాయి. మొదటిరోజు నా గాజుల చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. కుక్కర్ విజిల్ వినబడితే వంటింట్లో నిలబడి ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాను. యాదమ్మ వెక్కిరించింది, "ఇగ పళ్లెం పడేస్త చూడు" అని. ఆద్య గొంతు మాత్రం నేను ఊహించుకున్నట్టు లేదు. కొంచెం బొంగురుగా ఉంది. నేను వినని రెండేళ్లలో మారిందేమో. అది డేకేర్‌కు వెళ్లలేదు. అల్లుడు తలుపు గడియ మార్పించి, వల కొత్తది వేయించాడు. వారంలో రెండు మధ్యాహ్నాలు సుధ ఇంటి నుంచి పనిచేస్తుంది. బెల్ కొడితే వెలిగే బల్బు నేనే బిగించాను. సరిగ్గా అరగంట పట్టింది.

ఆ రోజు తర్వాత మణికట్టు మళ్లీ కదల్లేదు. మిషన్లు తీసి పడుకున్నప్పుడు కూడా.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ చివర్లో చెబుతానన్నది మిగిలింది.

అమ్మమ్మ నిద్రపోయేటప్పుడు మిషన్లు తీసేస్తుంది కాబట్టి దారం కావాల్సిందేనని ఆద్య పట్టుబట్టింది. బల్బు వెలిగినా, కళ్లు మూసుకుంటే ఎలా కనిపిస్తుందని దాని వాదన. కాదనలేకపోయాను. యాదమ్మ పూలు తెచ్చినప్పుడల్లా ఆ మాల దారం ముక్కలు ఆద్యే దాచి, ముడులు వేసి, తన బల్ల కాలికి ఒక కొస కట్టి, రెండోది నా చేతికి కట్టింది. ఏ చేతికో నేను చెప్పలేదు. ఎడమ చేతికే కట్టింది.

ఒక మధ్యాహ్నం సుధ ఆఫీసు ఫోన్ మాట్లాడుతూ గబగబా వస్తూ ఆ దారం కాలికి తగులుకుని తూలింది. ఫోన్ పెట్టేసి, సొరుగులోంచి కత్తెర తీసుకుని నా ఎదురుగా వంగి నిలబడింది. నేను అప్పుడే కళ్లు తెరిచాను. మిషన్లు లేవు. పెదాలు చూశాను.

"కత్తిరించెయ్యనా అమ్మా? కాళ్లకు అడ్డం పడుతోంది."

అది అడిగింది. ఆనాడు నేను అడగలేదు.

నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్లుగా మా వారికి కూడా చెప్పనిది దానికి చెప్పాను. ఒక ఫిబ్రవరి ఉదయం బడికి వెళ్లే హడావుడిలో మా అత్తగారి దారం నా కాలికి తగిలి, ఇస్త్రీ చీర మీద కాఫీ ఒలికింది. ఆవిడ స్నానానికి వెళ్లి ఉన్నారు. ఒళ్లు మండి, కత్తెర తెచ్చి గొళ్లెం దగ్గర దారాన్ని తెగ్గోసి, చీర మార్చుకుని బడికి వెళ్లిపోయాను. ఆవిడకు చెప్పలేదు. చూపు అంతంతమాత్రం కావడంతో ఆవిడ ఎప్పటిలాగే తన కొస చేతికి కట్టుకుని పడుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఆవిడ అతన్ని చూసి రెండేళ్లయింది. అరగంట తలుపు కొట్టి, అరుగు మీద కాసేపు కూర్చుని, బస్సు వేళయిందని వెళ్లిపోయాడని ఎదుటి కొట్టతను చెప్పాడు. అక్కకు ఇష్టమని తెచ్చిన మామిడి తాండ్ర సంచి బయటి గొళ్లేనికి తగిలించి వెళ్లాడు. పదో రోజున అతని గుండె ఆగిపోయింది. ఆవిడ వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది.

తాండ్ర సంచి లోపలికి తెచ్చిన సాయంత్రం ఆవిడ తెగిన కొసను బొటనవేలితో తడిమి చూశారు. "పాత దారం కదమ్మాయ్, ఎక్కడో తెగినట్టుంది" అన్నారు. మళ్లీ తెగకుండా ఆ చోట మూడు చుట్లు తిప్పి పెద్ద ముడి వేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. అరిగి తెగిన కొసకూ కత్తెర పడ్డ కొసకూ తేడా ఉంటుంది. జీవితమంతా పొట్లాల దారాలు ముడివేసుకున్న మనిషికి ఆ తేడా తెలియకపోతుందా? ఆ తర్వాత ఆరేళ్లు బతికారు. ఒక్కమాట అనలేదు.

సుధ కత్తెర తీసుకెళ్లి సొరుగులో పెట్టేసింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, దారాన్ని గోడ వారగా సర్దింది.

ఆద్య వేలికి తగిలిన పెద్ద ముడి ఏదో నాకు తెలియదు. పిల్ల కలగని ఉండొచ్చు, నా మెదడే నన్ను వెనక్కి తిప్పి ఉండొచ్చు. అవన్నీ పట్టికలో రాసుకున్నాను. ఒక్కటి మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు. ఆ దారం తెంపింది నేను. అవతల కొస ఎవరి చేతిలో ఉన్నా, నన్ను లేపాల్సిన అవసరం వాళ్లకు లేదు.